నీడతోట – పద్నాలుగో భాగం: నీలం తాడు

గున్నయ్య ఆటోలోంచి గోనెసంచి దించుతుండగా పోయిన వారం ఆగాం. సంచి నేలకి తగిలిన చప్పుడు కామాక్షి విన్నది గానీ, అప్పుడామె మనసు తోటలో లేదు. టెక్కలిలో పుట్టి, వజ్రపుకొత్తూరు దగ్గరి ఈ తోటకి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళైన కామాక్షికి మిగిలిన ఒకే ఒక్క తోబుట్టువు సీతారాం. ఏడాదిగా తమ్ముడితో మాటల్లేవు. ఏడేళ్ళ కిందటి తిత్లీ తుఫాను తర్వాత ఆమె మామగారు నరసింహమూర్తి అతని పొలానికి ఎనభై కొబ్బరి మొక్కలు పంపారు. అవి పెరగక, కాపు ఆశ కనపడక, పోయిన కార్తీకంలో అతను అన్నింటినీ నరికించేశాడు. ఆ రోజు ఆమె ఫోన్‌లో, "నీ చేతిలో ఏదీ బతకదురా," అంది. అంతే, ఆ తర్వాత సీతారాం ఫోన్ ఎత్తలేదు. పొలం కౌలుకిచ్చి, మూలపేటలో పోర్టు పనుల దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడని మాత్రం ఎవరో చెప్పారు.

ఇప్పుడు మళ్ళీ కార్తీకం. చివరి ఆదివారం.

తోటలో నూటయాభై మంది దాకా ఉన్నారు. పలాస నుంచి, టెక్కలి నుంచి వనభోజనాలకి వచ్చినవాళ్ళు ఉసిరి చెట్ల కింద చాపలు పరిచారు. వంటలయ్యేలోగా తోట చూడటం, పోతూ పోతూ రెండు మొక్కలు కొనుక్కోవడం అలవాటు. పైన పనస, దాని కింద జీడి. పనస మొదళ్ళకి మిరియం తీగలు పాకాయి. ఆ నీడలో పసుపు, తడి ఆరని చోట్ల ఫెర్న్ మొక్కలు. ఎండ తగిలే అంచున నర్సరీ: జీడి అంట్లు, సంపెంగ, మారేడు, గజనిమ్మ, కరివేపాకు. చిట్టచివర కొబ్బరి మడులు. ప్రతి వరస ముందూ కామాక్షి చేత్తో రాసిన రేకు పలక ఉంటుంది. దారి మొదట్లో ఉన్న పలక మీద, "ముట్టుకోవచ్చు. తుంచకూడదు," అని ఉంది.

"ఏమండీ, ఈ సంపెంగ కుండీలో పూస్తుందా? మాది మూడో అంతస్తు," అని పలాస నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది.

"పూయదండీ," అంది కామాక్షి. "చచ్చిపోదు. పూయదు. రోజూ నీళ్ళు పోస్తూ ఎదురు చూస్తారు. మల్లె తీసుకెళ్ళండి."

"అమ్ముకునేవాళ్ళు వద్దంటారేటండీ బాబూ!" అని ఆవిడ నవ్వి, మల్లె మొక్క కవరు చంకన పెట్టుకుంది.

అప్పుడు గోనెసంచి ఈడ్చుకుంటూ గున్నయ్య వచ్చాడు.

అరవై దాటిన మనిషి. ఒకప్పుడు కొబ్బరి చెట్టు ఎక్కితే కిందివాళ్ళు కబుర్లు ఆపి చూసేవారు. ఇప్పుడు ముఖం ఉబ్బి, కాళ్ళు సన్నబడ్డాయి. ఎడమ ముంజేతి మీద, సూదులు గుచ్చే చోట లేచిన నరాన్ని తువ్వాలుతో కప్పుకున్నాడు. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ తువ్వాలు ఎందుకో ఎవరూ అడగరు.

కామాక్షి భర్త రవిశంకర్ నీళ్ళ తొట్టి దగ్గర నుంచి చూశాడు.

"ఏం గున్నయ్యా, వనభోజనాలకి నీ వంతు కందదుంప తెచ్చావా?"

"దుంపే బాబూ. మీ దుంపే. మీకిచ్చీడానికి తెచ్చినాను."

సంచి బోర్లించాడు. మట్టి పెళ్ళలతో పాటు కొబ్బరి మొదలు ఒకటి దొర్లింది. పైన పిడికెడు కాండం, కింద చింపిరి జుట్టులా వేళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. ఉసిరి చెట్టు కింద పాడుతున్న ఆడవాళ్ళు పాట ఆపారు.

"ఏటిది?" అన్నాడు రవిశంకర్.

"మీకాడ నాను పట్టుకెల్లిన మొక్క. ఇది ఏడో ఏడు. నలభై రెండు ఏసినాను. ఒక్కదానికి గెల నేదు. పూత పొత్తైనా ఇచ్చనేదు. పిల్లని పెంచుంటే ఈపాటికి రెండో తరగతి సదువును."

ఎవరో నవ్వారు. గున్నయ్య నవ్వలేదు.

"నీళ్ళు పెట్టావా? ఎరువేశావా?" రవిశంకర్ గొంతు పెరిగింది. "వారానికి రెండు రోజులు పలాసలో డయాలసిస్ మెషీను మీద పడుకుంటావు. తోటెవడు చూస్తాడు? ఇంతమందిలోకి తెచ్చి మా తప్పంటే ఎలాగ?"

"మా ఊర్లో అందరూ అదే అంతన్నారు బాబూ. గున్నయ్యది గొడ్డు సెయ్యి అంతన్నారు." అతను తన కుడిచేతిని తనే తిప్పి చూసుకున్నాడు. "ఒకప్పుడు ఎవులు తోటేసినా తొలి మొక్క నాసేత పెట్టించీవోరు. పెల్లికి పిలిసినట్టు పిలిసీవోరు. నాను గోతిలో పెట్టి మట్టేసి మొక్కితేగాని రెండో మొక్క ముట్టీవోరు కాదు. ఇప్పుడు మా కోడలు ఆనప గింజ పెడతన్నా, మావా, నువ్వు అటేపుండు, అంతాది."

కామాక్షికి అది తెలుసు. ఈ తోటలో, తుఫాను తర్వాత వేసిన తూర్పు వరసలో తొలి మొక్క పెట్టిందీ ఈ చెయ్యే. ఆ రోజు ఆమె స్వయంగా పసుపు నీళ్ళు పోసి అతని చేయి కడిగింది.

"నాకు డబ్బులొద్దు, ఏటొద్దు," అన్నాడు గున్నయ్య, ఇప్పుడు ఆమె వైపు తిరిగి. "అమ్మా, నువ్వు సదువుకున్న మనిసివి. ఓపాలి ఇది సూసి సెప్పు. సెడ్డది నా సెయ్యా? మొక్కా?"

ఆమె కూర్చుని మొదలు దగ్గరికి లాక్కుంది. కొబ్బరి కాండం అడుగున తిరగేసిన బొంగరంలా ఉంటుంది. మొలక పుట్టిన చోటు ఆ కొస. గున్నయ్య అక్కడి వేళ్ళని శుభ్రంగా కత్తిరించి తెచ్చాడు. కొస చుట్టూ, పీచులో కూరుకుపోయి, నీలం నైలాన్ తాడు ఉంది. వేళ్ళు దాని మీదుగా ఒరుసుకుంటూ దిగాయి. ముడి మాత్రం నిన్న వేసినట్టే ఉంది.

ఆ ముడి ఎడమ వైపు తిరిగి ఉంది.

కామాక్షిది ఎడమచేతివాటం. చిన్నప్పుడు పంతులుగారైన తండ్రి ఎంత కొట్టినా మారలేదు. ఆమె కట్టిన పూలమాల, మూట, దూడ మెడకి వేసిన పలుపు, అన్నింటి ముడీ అటే తిరుగుతుంది. ఈ తోటలో అలా ముడి వేసే మనిషి మరొకరు లేరు.

తిత్లీ వెళ్ళిన మర్నాడు ఈ తీరమంతా నిలబడ్డ కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. విత్తనానికి ముదురు కాయ కావాలి. చెట్టు మీదే పన్నెండు నెలలు ఉండాలి. ఆ ఏడాది చెట్లే లేవు. మామగారు నేల మీద రాలినవి ఏరించారు. ముదురూ లేతా కలిసిపోయిన మూడు వేల కాయలు మడుల్లో పెట్టించారు. "ఆలస్యంగా మొలిచినదాన్ని నమ్మకమ్మా," అని నేర్పింది ఆయనే. అయిదు నెలలు దాటాక లేచిన మొలక బతుకుతుంది, పెరుగుతుంది, ఆకు వేస్తుంది. కాపు మాత్రం ఇవ్వదు, ఇచ్చినా ఏ పదేళ్ళకో నాలుగు కాయలు. అలాంటివి ఏరి తీసేయాలి. కామాక్షి రోజుల తరబడి మడుల్లో వంగి తొమ్మిది వందల చిల్లర తీసేయాల్సిన మొలకలు గుర్తించింది. పనివాళ్ళు పొరబడకుండా ప్రతిదానికీ చేపల వల నీలం తాడు కట్టింది. తాడున్నవన్నీ తగలబెట్టమని చెప్పింది. ఆ వారంలోనే తల్లికి ఆపరేషనై ఇరవై రోజులు విశాఖలో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మడి ఖాళీ. పక్కన బూడిద కుప్ప. ఆమె ఆ బూడిదని కాలితో కెలికి చూసి, సరే అనుకుంది. అది కూలిన కొబ్బరి మట్టల బూడిద అయి ఉండొచ్చని ఆమెకి తట్టలేదు.

"ఈ తాడు విప్పకుండా ఎందుకు పాతావు మావా?" అని గున్నయ్యని అడిగింది.

"ఇప్పొద్దన్నారు కదమ్మా!" గున్నయ్య ఆశ్చర్యపోయాడు. "నీలం తాడున్నవి కోడలమ్మ తన సేత్తో ఏరినవి, మేలైనవి, తాడు ఇప్పకండి, అని సెప్పి ఇచ్చినారు. నీ సేతి గురుతని మురిసిపోయి అలగే పెట్టినాను. తాడున్నవే కావాలన్నోలితో తగువాడి మరీ ఇవి తెచ్చుకున్నాను."

ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

వల తాడు ఈ తీరంలో ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. ముడి ఎవరిదైనా కావచ్చు. ఆ ఒక్క మాట అంటే చాలు. గున్నయ్య నమ్మకపోవచ్చు గానీ కాదనలేడు. మొదలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కుతాడు. మడుల్లో వచ్చే జూన్ కోసం పెంచుతున్న మొక్కలు అలాగే ఉంటాయి, పలకల మీద ఆమె రాత అలాగే ఉంటుంది. కామాక్షి తలెత్తి పనస చెట్టు కింద కుర్చీలో ఉన్న మామగారి వైపు చూసింది.

నరసింహమూర్తికి ఎనభై ఒకటి. ఆదివారాలు ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకి చెట్ల పేర్లు చెప్పడం ఆయనకి ఇష్టం. ఆయన ఆమెనే చూస్తున్నాడు. చేతికర్ర మీద చూపుడువేలు అటూ ఇటూ రెండుసార్లు కదిలింది. వద్దు అని.

ఆ వేలు చూడకపోయి ఉంటే ఆమె ఏం చేసేదో చెప్పలేం.

పెళ్ళైన కొత్తలో మొదటిసారి ఆమెని మడుల్లోకి తీసుకెళ్ళినప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు: "ఉల్లినారు అమ్మినవాడు మూడు నెలలకి జవాబు చెప్పాలమ్మా. కొబ్బరి మొక్క అమ్మినవాడు ఏడేళ్ళకి చెప్పాలి. అప్పటిదాకా నీ పరువు వాడి పొలంలో ఉంటుంది."

కామాక్షి లేచి నిలబడింది.

"ముడి నాదే మావా," అంది, అందరికీ వినపడేలా. "ఇది మేలైనవాటికి కట్టిన తాడు కాదు. పనికిరావని కట్టాను. తగలబెట్టమన్నాను. నీ చెయ్యి మంచిదే. గొడ్డుది మొక్క."

"కామాక్షీ!" అన్నాడు రవిశంకర్. కోపం కంటే భయం ఎక్కువుంది ఆ పిలుపులో. వెంటనే తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, ఆ నెల నర్సరీ మీరే చూసుకున్నారు. నేను కూలిన చెట్లు కోయించే పనిలో ఉన్నాను. ఆ మాట చెప్పి ఇచ్చింది మీరేనా?"

పలాస ఆవిడ చంకలోని మల్లె కవరు తీసి, చప్పుడు కాకుండా, వరసలో ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టేసింది.

నరసింహమూర్తి కర్ర మీద నుంచి వేలు తీశాడు.

"నేనే ఇచ్చాను. తగలబెట్టించలేకపోయాను. గేటు దగ్గర రోజూ వందమంది. వాళ్ళ మొహాలు నువ్వు చూడలేదమ్మా, నువ్వు విశాఖలో ఉన్నావు. పక్క ఊళ్ళో ఒకడు కూలిన చెట్టు పక్కనే కూర్చుని పురుగుమందు తాగాడు. గోతులు తవ్వుకుని వచ్చారు వీళ్ళంతా. మొక్కల్లేవని చెప్తే ఆ గోతిలో వాళ్ళే పడుకునేలా ఉన్నారు. ఏదో ఒక పచ్చటి మొలక చేతిలో పెడితే ఇంటికెళ్ళి అన్నం తింటారనుకున్నాను." కాస్త ఆగి, "తాడెందుకని అడిగారు. నోటికొచ్చింది చెప్పాను. ఏడేళ్ళు నేను ఉంటాననుకోలేదు," అన్నాడు.

గున్నయ్య ఆయన ముందుకి నడిచి, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కన. ఎప్పుడూ కూర్చునే చోటే.

"నిజమే బాబూ. ఆ దినం నాను అలగే ఉన్నాను. ఆ మొక్కలు పట్టుకెల్లినాకే ముద్ద దిగినాది. ఆ ముద్ద మీదే, కాదన్ను." అతని గొంతు ఎంత మాత్రం పెరగలేదు. "మరి తరవాతేటి బాబూ? మర్నాడు సెప్పొచ్చును. ఏడాదికి సెప్పొచ్చును. పీకీసి ఇంకోటి ఏసుకుందును. ఈలోగా నాకీ రోగమొచ్చినాది. దినానికి మూడు గళాసుల మీద నీళ్ళు తాగొద్దన్నాడు డాక్టరు. నాలిక పీక్కుపోతే మంచు ముక్క సప్పరించినాను. నా నోటికి నేని నీళ్ళు కావిడేసి ఆటికి పోసినాను. మీరు మా ఊరి దారమ్మట కారులో ఎల్లీవోరు. సూసీవోరు కదేటి, మోత్తన్నది?"

నరసింహమూర్తి కర్ర మీద చేతులు బిగించాడు. చూశాననీ అనలేదు, చూడలేదనీ అనలేదు. కామాక్షికి అది చాలు. ఇరవై రెండేళ్ళుగా ఈయన మాట నమ్మి తను వేల మొక్కలు అమ్మింది.

చాపలు మడుస్తున్నారు. భోజనాలు కాకుండానే కొందరు గిన్నెలు ఆటోల్లోకి ఎక్కిస్తున్నారు. రవిశంకర్ ఎవరినీ ఆపలేదు.

"అమ్మా," అన్నాడు గున్నయ్య, మడత ఫోన్ తీసి, "మా కోడలికి ఓ మాట సెప్పు. నాను సెప్తే, నీ తప్పు మొక్క మీద తోసీకు మావా, అంతాది."

కామాక్షి ఫోన్ తీసుకుంది. అవతల ఉమామహేశ్వరి, గున్నయ్య కోడలు. "నేను నర్సరీ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ మావగారి చేతిలో ఏ దోషం లేదు. మేమిచ్చిన మొక్కలే మంచివి కావు. తప్పు మాది," అని ఒక్కో మాటా తడబడకుండా చెప్పింది.

అవతల కోళ్ళ అరుపులు వినిపించాయి. తర్వాత ఆ అమ్మాయి, "ఏడేళ్ళకి సెప్తారేటండీ?" అంది. ఫోన్ పెట్టేసింది.

"ఏటన్నాది?"

"విన్నది," అంది కామాక్షి.

గున్నయ్య తలాడించాడు. అతని మొహంలో సంతోషం లాంటిదేమీ లేదు, ఏళ్ళ తరబడి మోసిన కావిడి ఒక పక్క దించినట్టు ఓ భుజం మాత్రం వాలింది. మొదలుని అక్కడే వదిలి, ఖాళీ సంచి దులిపి మడత పెట్టుకున్నాడు.

ఆమె కొస దగ్గర ముడి విప్పడానికి ప్రయత్నించింది. రాలేదు. కత్తెరతో కత్తిరించి తాడు ఎడమ అరచేతిలోకి తీసుకుంది. అప్పుడు తట్టింది. మట్టి లోపల, వేళ్ళ చాటున, ఏడేళ్ళ కింది తాడు. కాపు రాని చెట్టుని నరికి పొయ్యిలో పెట్టుకుంటారు గానీ, మొదలు తవ్వి అడుగు కొస దాకా వేళ్ళు కత్తిరించి చూసేవాళ్ళెవరు?

"మావా, ఇక్కడ చూడమని నీకెవరు చెప్పారు?"

గున్నయ్య గేటు వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"సెప్పొద్దన్నాడమ్మా."

"ఎవరు?"

"మంగళవారం, శుక్రవారం నా పక్క మంచం. ఏడు నెల్లుగా. నాలుగు గంటలు అలగే పడుండాల కదా, కట్టం సుకం సెప్పుకుంతాం. నా మొక్కల మాట సెప్తే, నాయీ అంతే మావా, ఎనభై, అన్నాడు. నరికించీసినాక మొదళ్ళు తవ్వితే నీలం తాడు కనిపించినాదట. నువ్వూ తవ్వి సూడు, ముడి ఎడం పక్కకి తిరిగుంతాది, ఆ సెయ్యి నాకు తెలుసు, అన్నాడు."

కామాక్షి వెనక ఉన్న రేకు పలకని పట్టుకుంది. ఎనభై. ఆ ఎనభై లెక్కపెట్టి లారీ ఎక్కించినట్టు, సారె పంపినట్టు పంపామమ్మా మీ తమ్ముడికి, అని మామగారు చెప్పినప్పుడు తను ఎంత పొంగిపోయిందో.

"సీతారామా? మా సీతారాం మెషీను మీద ఉన్నాడా? మూలపేటలో డ్యూటీ కదా?"

"డ్యూటీ ఎక్కడిదమ్మా, అడుగేత్తే ఆయాసం. మీ అక్క వాలకి సెప్పరాదేటి బాబూ అన్నాను. సెడ్డవని తెలిసే, తన సేత్తో తాడు కట్టి పంపినాది మావా, మళ్ళీ నీ సేతిలో ఏదీ బతకదని నన్నే అన్నాది, అని గోడేపు తిరిగిపోనాడు."

"లేదు," అంది ఆమె. "లేదు మావా. నాకు తెలీదు. నేను ఇప్పుడే వస్తాను, రెండు రోజులాగితే మంగళవారం కదా, నీతోపాటే అక్కడికి..."

గున్నయ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. చేతిలోని గోనెసంచిని మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"అందుకేనమ్మా ఆదోరమైనా ఆటో కట్టించుకుని వొచ్చీసినాను. మొన్న శుక్రవారం నాను ఎల్లినప్పటికి ఆ మంచం మీద ఇంకెవులో ఉన్నారు."